పోయింది అంటే

నాకు ముక్కు మీదనే కోపం. మా అమ్మ గదే అంటుండె, మా ఆయన తిరుపతి ఇప్పటికీ గదే అంటడు. గా కోపం ఎంతమంది మీద చూపెట్టిన్నో యాదికి లేదు గని, సత్యవేణక్క మీద చూపెట్టింది మాత్రం మల్ల వాపస్ తీసుకునేటట్టు లేకుండ అయింది. ఆమె సంగతి చెప్పాల్నంటే నా తప్పు కూడ చెప్పాలె. ఇద్దరిదీ ఒక్కటే కథ.

ఆమెది గోదారి దిక్కు, రావులపాలెం పక్కన ఊరు. నాది జనగామ దిక్కు. ఇద్దరం ఒకే నెలల నాచారం వచ్చి ఒకే బిల్డింగుల దిగినం. ఆమె కొడుకు సాత్విక్‌కు సర్కారు ల్యాబుల నౌకరి దొరికిందని వాళ్లు రెండో అంతస్తుల, మా ఆయనకు చర్లపల్లి ఫ్యాక్టరీల నైట్ డ్యూటీ దొరికిందని మేము పైన రేకుల రూముల. నేను మందుల కంపెనీల ప్యాకింగ్ పనికి కుదిరిన. ఆమెకు యాభై రెండు, నాకు నలభై మూడు. అక్కా అని పిలిచిన.

మొదటి వారంలనే ఒక ఘనకార్యం జేసిన. ఆమె కూరగాయలు తేను పోయింది. కొడుకు తాళంచెవి నా చేతిల పెట్టి ఆఫీసుకు పోయిండు. ఆమె సంచి పట్టుకొని మెట్లెక్కుతుంటే నేను పైనుంచి ఒంగి, "అక్కా, మీ కొడుకు పోయిండు. జరసేపైంది" అన్న.

సంచి జారి టమాటలు మెట్ల మీద దొర్లినయ్. ఆమె గోడ పట్టుకొని కూలబడ్డది. నేను ఉరికి, "ఏమైందక్కా? తాళంచెవి నాకిచ్చిండు, సాయంత్రం లేటయితదని చెప్పుమన్నడు" అంటె గప్పుడు ఊపిరి తీసుకున్నది. జరసేపు ఏడ్చింది, ఎనుకనే నవ్వింది, ఆఖరుకు నన్ను తిట్టింది.

"నీ దుంప తెగా, వెళ్ళాడు అనవే. మా వైపు పోయాడు అంటే చచ్చిపోయాడని."

"మా దిక్కు అందరం పోతం అక్కా. బడికి పోతం, బజారుకు పోతం, మల్ల వస్తం."

"మా వైపు పోయినవాళ్ళు రారు తల్లీ," అన్నది. టమాటలు ఏరుకుంట ఇద్దరం నవ్వినం. గట్ల మొదలైంది మా దోస్తాన.

సాత్విక్ చిన్నగున్నప్పుడే ఆమె పెనిమిటి కాలం జేసిండు. గప్పటి నుంచి జాకెట్లు కుట్టి పోరన్ని సదివించింది. ఇరవై ఏండ్లు కుట్టు మిషను ముందటనే. "నేను చూసిన ఊళ్ళు మూడే స్వర్ణా," అన్నది ఓసారి. "పుట్టిన ఊరు, మెట్టిన ఊరు, మా ఆయన్ని ఆసుపత్రిలో పెట్టిన కాకినాడ." గా మాటకు నాకు మస్తు బాధయింది. నేను చూసినయి మాత్రం ఎన్ని? జనగామ, వరంగల్, కొమురెల్లి జాతర. ఇంత పెద్ద పట్నానికి వచ్చి నాచారం గల్లీలల్లనే ముసలోళ్లమయితమా అన్న. ఐతారం నాకు సెలవు, మా ఆయన దినమంత పండుకుంటడు. ఇగ ప్రతి ఐతారం ఎదురొచ్చిన బస్సు ఎక్కుడు, ఆఖరి స్టాపుల దిగుడు, చాయ తాగుడు, వాపస్ వచ్చుడు. గిది మా కానూను.

ఉప్పల్ రింగు రోడ్డు మీద గుండ్రంగ కట్టిన స్కైవాక్ ఉన్నది గదా. మొదటిసారి ఎక్కినప్పుడు రామంతాపూర్ దిక్కు దిగుదామని మూడుసార్లు చుట్టు తిరిగి, మూడుసార్లు వరంగల్ బస్సులు ఆగే కాడ్నే దిగినం. మూడోసారి అక్క మెట్ల మీదనే కూసొని, "ఇక్కడే కాపురం పెట్టేద్దాం" అన్నది. మ్యాచ్ ఉన్న దినం స్టేడియం బయట నిలబడితే ఒకడొచ్చి ఆమె చెంప మీద జెండా రంగులు పూసిండు. వద్దనలే. లోపల జనం కూతబెడితే బయట తను గూడ చప్పట్లు కొట్టింది, ఎవలు గెలుస్తున్నరో మా ఇద్దరికీ ఎరుక లేదు. రంగు కడుక్కోకుండనే ఇంటికొచ్చింది. సాత్విక్ తలుపు తీసి కడుపు పట్టుకొని నవ్విండు.

బస్సుల మాత్రం నేనే రాణిని. ఆడోళ్లకు తెలంగాణ ఆధార్ చూపెడితే పైసలు లేకుండ జీరో టికెట్. అక్క ఆధార్ల గోదారి అడ్రసు, గందుకే ఆమెకు టికెట్ కొనుడే. "నేను ఇంటిదాన్ని, నువ్వు చుట్టానివి" అని ప్రతిసారి ఎక్కిరిస్తుంటి. ఆమె నవ్వేది. ఒక్కోసారి నవ్వకుండ కిటికీ దిక్కు చూసేది. నేను పట్టించుకోలే.

రెండేండ్లల్ల ఒకరి మాట ఒకరికి అంటింది. అక్క "నేను బజారుకు పోయొస్తా" అనవట్టింది. నేను ఆమె కాడ పోయిండు అనుడు మానేసి "వెళ్ళిండు" అంటుంటి. అదేం భాషనో, ఆంధ్రనా తెలంగాణనా, ఇద్దరం కలిసి చేసిన పచ్చడి. సాత్విక్ అయితే మా పోరడే అయిండు. నన్ను చిన్నమ్మా అని పిలిచేటోడు. నాతోని మా తీరుగనే మాట్లాడేటోడు. "ఆఫీసుకు పోతున్న చిన్నమ్మా, అమ్మను జర చూడు" అనేటోడు. నాకు పిల్లలు లేరు. గా పిలుపు కోసం పొద్దున మెట్ల కాడ కావాల్నని నిలబడుతుంటి.

గప్పుడే గోదారి కాడ ఆమె అన్న బుచ్చిబాబు పెండ్లాం కాలం జేసింది. ఇంట్ల వండిపెట్టే దిక్కు లేదని ఆయన రోజూ ఫోను. "ఆ ఊళ్ళో నీకేం ఉందే, వచ్చెయ్." ఆమె ఫోను పట్టుకొని ఊఁ కొడుతుంటే నాకు పానం పోయినట్టయ్యేది. అక్క పోతే గీ పట్నంల నాకెవలున్నరు? ఐతారాలు ఎట్ల గడవాలె? ఒట్టు పెట్టించుకున్న. నాకు చెప్పకుండ యాడికి పోనని చేతిల చెయ్యేసింది.

ఓ ఐతారం చర్లపల్లి కొత్త టేషన్ చూడ పోయినం. అద్దాలు, పెద్ద పెద్ద బోర్డులు. అక్క గోదారి దిక్కు పోయే బండ్ల పేర్లు ఒక్కొక్కటే సదువుకుంట నిలబడ్డది. పది నిమిషాలు కదలలే.

"పోతవా?" అని అడిగిన.

"ఇప్పుడు అడక్కు స్వర్ణా. వచ్చే ఆదివారం నీకో సంగతి చెబుతాను."

నాకు ఒళ్లు మండింది. గింతోటి దానికి ముహూర్తం ఎందుకు? పోయేదుంటే పోతనని చెప్పొచ్చు గదా. "నాకేం చెప్పకు, పోయేటోళ్లను పట్టుకొని ఏలాడేటంత గతిలేనిదాన్ని కాదు" అన్న. బస్సుల పక్కకు కూసోలే. సోమవారం మాట్లాడలే. మంగళవారం పులుసు గిన్నె తెచ్చి తలుపు కొట్టింది, తియ్యలే. గిన్నె గడప కాడ పెట్టి పోయింది. అందుల పులుసు నేను తిన్న, గిన్నె మాత్రం వాపస్ ఇయ్యలే.

బుధవారం నాది ఆరు గంటల షిఫ్టు. ఐదున్నరకు మెట్లు దిగుతుంటే రెండో అంతస్తుల లైటు ఉన్నది, తలుపు ఓరగున్నది. లోపల సాత్విక్ ఫోనుల "మావయ్యా, మీరు బయల్దేరండి" అంటుండు. గంతే, నాకు అర్థమయింది అనుకున్న. అన్న వస్తుండు, చెల్లెను తోలుకపోతడు. తలుపు తోసి ఒక్కడుగు లోపలికి పెడితే తెలిసిపోయేది. పెట్టలే. చెప్పులు టపటప కొట్టుకుంట దిగి పోయిన.

కంపెనీల ఫోన్లు గేటు కాడ పెట్టాలె. ఎనిమిదింటికి సూపర్‌వైజర్ వచ్చి నీకు అర్జెంట్ ఫోనంట అని తన టేబుల్ కాడికి పిలిచిండు. ఎనుక గోలీలు ప్యాకు జేసే మిషన్లు డబడబ మోగుతున్నయి. ఒక చెవి మూసుకొని విన్న.

"చిన్నమ్మా, అమ్మ పోయింది."

"ఎరికే," అన్న. "పొద్దుగాల లైటు చూసిన. పోతే పోనీ తీ. నాకు చెప్పకుండ పోయింది గదా, నాకేంది."

 "సరే అండి" అని పెట్టేసిండు. అండి అన్నడేందని ఒక్క నిమిషం అనిపించింది. నా లొల్లిల నేనుంటి, మల్ల లైనుల పోయి నిలబడ్డ.

రెండేండ్లు నాతోని నా మాటలల్లనే మాట్లాడిన పోరడు. నేను పోయింది అన్నది గూడ నా మాటలల్లనే విన్న. గని తల్లి సచ్చిన పొద్దు ఎవలికైనా ఎవల మాట వస్తది? తల్లి మాటనే వస్తది. గింత చిన్న ముచ్చట నాకు తోచలే.

రెండింటికి షిఫ్టు అయింది. ఇంటికి పోబుద్ధి కాలే. నువ్వు లేకుంటే నేను తిరగలేననుకున్నవా అని కచ్చకొద్ది ఉప్పల్ల మెహిదీపట్నం బస్సు ఎక్కి ఆఖరు దాక పోయిన. చాయ తాగిన. వాపస్ వచ్చేసరికి ఆరు దాటింది. మా బిల్డింగు మెట్లన్నీ కడిగి ఉన్నయి, ఇంకా తడి ఆరలే. ఇంటామె శారదమ్మ కింద కుర్చీల కూసొని ఉన్నది. కండ్లు ఉబ్బినయి.

"యాడ సచ్చినవే? పొద్దుటి నుంచి నేనూ మీ ఆయనా చేస్తుంటే ఫోను ఎందుకు ఎత్తలే?" అన్నది. రెండింటి దాక ఫోను గేటు కాడుండె, ఎనుక కోపంల బందు జేసి సంచిల ఏసుకున్న. "తెల్లారగట్ల గుండె ఆగింది సత్యవేణికి. అంబులెన్సుల ఊరికి తీస్కపోయిన్రు. ఆమె అన్న వచ్చినంక ఒంటిగంటకు లేవదీస్తుంటే, స్వర్ణ వస్తది, జర ఆగు బిడ్డా అని నేనే ఆపిన. ఆమె రాదులెండి అన్నడు పోరడు. నువ్వేమన్నవే వానితోని?"

గా తడి మెట్ల మీదనే కూసున్న. ఎన్నో మెట్టు మీద టమాటలు దొర్లినయో గదే మెట్టు కావొచ్చు, నాకు తెల్వదు.  పోతే పోనీ తీ అన్న. పీనుగ పక్కన కూసున్న పిల్లగానితోని అన్న. గిన్నె ఇంకా నా రూముల్నే ఉన్నది.

ఎన్ని ఫోన్లు జేసినా సాత్విక్ ఎత్తలే. నెలకు సామాన్లు తీసుకపోను వచ్చిండు. మెట్ల కాడ అడ్డం నిలబడ్డ. "బిడ్డా, నువ్వు పోయింది అంటే నేను..." అని మొదలువెట్టిన. "పర్లేదు ఆంటీ, ఇప్పుడెందుకు అవన్నీ" అని పక్కకు జరిగి పోయిండు. తిట్టినా బాగుండు. గా ఆంటీ అన్న మాట తిట్టుకంటె ఎక్కువ తగిలింది.

ఇంకో పది దినాలకు పోస్టాయన కవరు తెచ్చి, రెండో అంతస్తుకు తాళం ఉన్నదని శారదమ్మకిచ్చిండు. శారదమ్మ విప్పి నా చేతిల పెట్టింది. ఆధార్. అక్క ఫోటో. కింద అడ్రసు మా బిల్డింగు నెంబరు, మా గల్లీ, నాచారం, హైదరాబాద్.

"నా కాడ కిరాయి కాగితం మీద దస్కత్ తీసుకొని పోయింది," అన్నది శారదమ్మ. "స్వర్ణకు చెప్పకండి, ఆదివారం తనకు చెప్పి ఆటపట్టిస్తాను, కార్డు రాగానే బస్సులో నాకూ జీరో కొట్టమంటాను, ఇక నన్ను చుట్టం అననివ్వను అన్నది. అన్నకు గూడ రానని చెప్పేసింది గదనే. నీకు తెల్వదా?"

నాకు తెల్వదు. నేను వినలే.

గా రాత్రి కార్డు ఫోటో తీసి సాత్విక్‌కు పంపిన. ఎనుకనే మాట రికార్డు జేసి పంపిన. టమాటల నుంచి పులుసు గిన్నె దాక అంత చెప్పిన. మాఫ్ జెయ్యి అనలే, నేనేం విన్ననో, ఎందుకు గట్ల అన్ననో గదే చెప్పిన. విన్నడని ఫోనుల నీలం గుర్తు పడ్డది. మూడు దినాలకు ఒక్క లైను రాసిండు. "కార్డు నీ దగ్గరే ఉంచుకో చిన్నమ్మా." దాన్ని నేను ఎన్నిసార్లు సదివిన్నో. మాఫ్ జేసిండో లేదో గందుల లేదు. చిన్నమ్మా అని మాత్రం ఉన్నది.

గా ఐతారం ఒక్కదాన్నే బస్సెక్కిన. కిటికీ పక్క సీటు ఇడిచి ఇటు కూసున్న. లేడీ కండక్టర్ వచ్చింది. నా కార్డు ఇచ్చిన. ఎందుకో ఏమో, అక్క కార్డు గూడ ఇచ్చిన.

"రెండు జీరోలా?" అని కార్డు మీది ఫోటో చూసింది, పక్క సీటు చూసింది. "ఈమె యాడుంది?"

"పోయింది," అన్న. అక్క మాటలల్లనే అన్న.

"పోయిందా? ఏ స్టాపుల దిగింది?" అన్నది. జనగామ దిక్కు పిల్లనే కావొచ్చు, మా తీరుగనే అడిగింది.  "మనిషి లేకుండ టికెట్ ఎట్ల కొట్టాలె అక్కా" అని అక్క కార్డు వాపస్ ఇచ్చి, ఒక్క టికెట్ నా చేతిల పెట్టి ముందుకు పోయింది.