పొయ్యి వెనక తెల్లది

జమ్ములమ్మ ఎవరింటికి పోయినా ముందు వాళ్ల పొయ్యి చూసేది. మాటలు ఆ తర్వాతే. పొయ్యి పక్కన పిడకలెన్ని ఉన్నాయి, ఉట్టి బరువుగా వేలాడుతోందా తేలిగ్గా ఊగుతోందా, ప్రమిదలో నూనె ఎంతుంది, అన్నీ ఒక్క చూపులో చూసుకుని అప్పుడు కూర్చునేది. తన ఇంటికి ఎవరైనా వస్తే మాత్రం చాప తెచ్చి గడప బయటే పరిచేది.

"లోపట మగ్గం కాడ జాగ లేదు" అనేది. జాగా ఉండేది. నేను చూశాను.

గద్వాల కోట వెనక నేతగాళ్ల వీధిలో ఆమె ఇల్లు. ఆ వీధిలో పడుగులకు గంజి పట్టే కూలి పని నాది. తెల్లారుతూనే వీధి పొడవునా పడుగు లాగి కట్టి, గంజి పట్టి, ఎండ ముదరకముందే దువ్వేయాలి. అందరి గుమ్మాల ముందూ నిలబడే పని. ఎవరింట్లో ఏం ఉడుకుతోందో, ఎవరింట్లో పొయ్యి రాజుకోలేదో నా ముక్కుకు తెలిసేది. జమ్ములమ్మ ఇంటి ముందు మాత్రం ఏ వాసనా తెలిసేది కాదు. వంట చేసేటప్పుడు తలుపు దగ్గరికి వేసుకునేది.

ఆమె పుట్టిల్లు తుంగభద్ర ఒడ్డున రాజోలి. చిన్నప్పుడు ఒకసారి ఏరు పొంగి ఊరిని చుట్టేసిందట. పుట్టి నడవలేదు, బండి నడవలేదు. ఇంట్లో జొన్నలున్నాయి కానీ ఊరంతా తడిసి ఎక్కడా నిప్పు లేదు. జొన్నలు నానబెట్టుకుని నమిలారట. ఆ సంగతి ఎప్పుడు చెప్పినా దవడలు పట్టుకుని చెప్పేది, ఇంకా నొస్తున్నట్టు.

గద్వాలకు కోడలై వచ్చినా ఆ భయం పోలేదు. మొగుడు నర్సింహులు జ్వరంతో పోయాక ఇంకా పెరిగింది. ఆమె పొయ్యిలో నిప్పు ఆరగా ఎవరూ చూడలేదు. వంట కాగానే కణికలు బూడిదలో కప్పెట్టి పైన మూకుడు బోర్లించేది. గుమ్మిలో జొన్నల మధ్య యాపాకు వేసేది. కొత్త జొన్నలు వస్తే పాతవన్నీ బయటికి తీసి, కొత్తవి అడుగున పోసి, పాతవి పైన పోసేది. చింతచిగురు ఎండబెట్టేది, ఉలవలు కట్టిపెట్టేది. వీధిలో అందరూ గ్యాస్‌నూనె బుడ్లకు మారినా ఆమె ఇంట్లో ఆముదం దీపమే.

పక్కింటి కురుమూర్తి నవ్వేవాడు. ఆయనవి రెండు మగ్గాలు, వీధిలో నోరున్న మనిషి.

"ఏంది వదినె, దండు దిగుతదా మనూర్లకు? గింత సర్దుకుంటున్నవు."

"దండు దిగితే నీ ఇంటికే పోతది లే. నా ఇంట్ల ఏమున్నది?" అనేది జమ్ములమ్మ.

నలభై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలంలో నిజంగానే అన్నీ ఆగిపోయాయి. ఏరు దాటి కర్నూలు వైపు నుంచి రావలసిన సరుకు నిజాం సరిహద్దులో నిలిచిపోయింది. ముందు గ్యాస్‌నూనె పోయింది. తర్వాత అగ్గిపెట్టెలు. తర్వాత ఉప్పు. బజారులో ఉప్పు అడిగితే దుకాణపోడు మన మొహం చూసి లోపలికి పోయేవాడు. ఉందో లేదో చెప్పేవాడు కాదు. చప్పటి గటక, చప్పటి చారు తిని తిని మనుషులకు మాట మీద కూడా రుచి పోయింది. రజాకార్ల భయం ఒకవైపు. ఎవరన్న మాట ఎవరి చెవిన పడుతుందోనని సొంత అన్నదమ్ములు కూడా గొంతు తగ్గించి మాట్లాడుకునే రోజులు.

జమ్ములమ్మ కూడా గిన్నె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. "జర ఉప్పు రాయి ఉంటే వెట్టుండ్రి" అని అడిగింది. ఎవరూ పెట్టలేదు. ఎవరి దగ్గరా లేదు, ఉన్నా లేదన్నారు.

నేత వీధికి అసలు దెబ్బ నూలుది. మిల్లు నూలు రావడం లేదు. వచ్చిన కాస్తా వీధి పెద్ద బాలకిష్టయ్య ఇంటికి చేరేది, ఆయన ఇంటింటికీ పంచేవాడు. ఒక కట్టుబాటు పెట్టారు. ఎవరైనా నూలు దాచినట్టు తేలితే ఆ ఇంటికి వాటా బంద్. దాంతో ఒకరి మగ్గం చప్పుడు మీద ఒకరు చెవి పెట్టడం మొదలైంది. మగ్గం ఆగినవాడి మీద జాలి లేదు గానీ, ఆడుతున్నవాడి మీద అనుమానం ఉంది.

జమ్ములమ్మ మగ్గం ఆడుతోంది.

ఆమె, కూతురు చంద్రకళ మగ్గం గుంటలో పక్కపక్కన కూర్చుని నేసేవాళ్లు. మిగతా వీధి సద్దుమణిగినా ఆ ఇంట్లో నాడె అటూ ఇటూ పోతున్న చప్పుడు వినిపించేది. కురుమూర్తి మగ్గాలు రెండూ ఆగిపోయాయి. ఆయనకు ఆ చప్పుడు తల మీద కొడుతున్నట్టుండేది.

ఒకనాటి సాయంత్రం నేనూ కురుమూర్తీ ఆయన అరుగు మీద కూర్చున్నాం. దీపాలు పెట్టే వేళ దాటింది. గోడ అవతల నుంచి చంద్రకళ గొంతు వినిపించింది.

"అమ్మా, తెల్లది ఎంతుంది?"

"వానకాలమంత ఎల్లదీస్తది. మెల్లగ మాట్లాడవే."

"పొయ్యెనకనే ఉండనియ్యాల్నా?"

"ఆడనే ఉండనియ్యి. చెమ్మ తగులొద్దు దానికి. ఎవ్వనికి తెలిసినా మన కొంప మునుగుతది."

కురుమూర్తి నా మోకాలి మీద చెయ్యి వేశాడు. "ఇంటివా యాదయ్యా?" అన్నాడు.

విన్నాను. మా వీధిలో తెల్లది అంటే రంగు వెయ్యని నూలు. పసిపిల్లకు కూడా తెలుసు. నూలుకు చెమ్మ పనికిరాదని కూడా తెలుసు.

మర్నాడు బాలకిష్టయ్య ఇంటి ముందు నూలు పంచుతున్నారు. జమ్ములమ్మ వంతు వచ్చేసరికి ఆయన నూలు చిలపలు పక్కకు జరిపాడు.

"నీకు లేదు జమ్ములమ్మా."

"ఎందుకు లేదు బావా?"

"నీ ఇంట్ల ఉన్నదంట కదా."

"ఎవరన్నరు?"

 ఆమె వెనక్కి తిరిగి ఒక్కొక్కరి మొహం చూసింది. నా మొహం కూడా. కురుమూర్తి తల వంచుకోలేదు.

"నేనే అన్న వదినె. నా చెవుల్తోటి ఇన్న. మా మగ్గాలల్ల సాలీడు గూడు కడ్తుంటే నీ మగ్గం ఎట్లాడ్తున్నది?"

"తెగిన పోగులు పారేస్తరు మీరు. నేను ముడేసి నేస్తున్న. వచ్చి చీర తిరగేసి చూడు, ముళ్లుంటయ్."

"ముళ్లతోటి ఇన్ని దినాలా?"

"ఇన్ని దినాలే. ఇయ్యాలతోటి అవ్వి గూడ అయిపోయినయ్. ఇప్పుడు నూలియ్యకుంటే నేనూ నా పిల్లా మగ్గం మీది కట్టెలు తినాలె."

బాలకిష్టయ్య చెడ్డవాడు కాదు. కానీ వీధి మొత్తం ఆయన చేతుల వైపే చూస్తోంది. "సంతకు పోయొచ్చి నేనే నీ ఇల్లు చూస్త. లేకుంటే నీ వాటా నీకిస్త. ఉంటే గింక ఎన్నడూ అడగొద్దు" అన్నాడు.

ఆయన సంత నుంచి వచ్చేసరికి పొద్దు గూకింది. గోడ తవ్వాల్సి వస్తుందని నన్ను గడ్డపార పట్టుకుని రమ్మన్నాడు. కురుమూర్తి పిలవకుండానే వచ్చాడు. అతని వెనక ఇంకొందరు. జమ్ములమ్మ అప్పుడే దీపం పెట్టి మొక్కుకుంటోంది. చంద్రకళ మగ్గం గుంటలో కూర్చుని ఉంది, ఖాళీ నాడె ఒళ్లో పెట్టుకుని.

"పొయ్యెనక ఏమున్నది?" అన్నాడు బాలకిష్టయ్య.

జమ్ములమ్మ తలుపు దగ్గర నిలబడిన కురుమూర్తిని చూసింది, దీపాన్ని చూసింది.

"చెప్పు. దాని పేరేంది?"

"తెల్లది."

"ఇంటిరా" అన్నాడు కురుమూర్తి వెనకవాళ్లతో. "దాని నోటితోనే ఒప్పుకున్నది."

"ఒప్పుకునుడేంది? తెల్లదంటే తెల్లదే. ఇంగో తీరుగ అననీకె రాదు ఇప్పుడు" అంది జమ్ములమ్మ.

"ఎందుకు రాదు?"

ఆమె మళ్లీ దీపం వైపే చూసింది. బాలకిష్టయ్యకు కోపం వచ్చింది. అయినా ఆడకూతురి వంటిల్లు, పదిమంది తొక్కకూడదని అందరినీ బయట నిలబెట్టి తలుపు వేశాడు. లోపల ఆయన, నేను, తల్లీకూతుళ్లు.

పొయ్యి వెనక గోడ మీద అలుకు కొత్తగా ఉంది. గడ్డపార ఆనించగానే మట్టి పెళ్ల ఊడింది. లోపల గూడు, గూట్లో మూతికి గుడ్డ కట్టిన కుండ. గోడ వెచ్చగా ఉంది. బాలకిష్టయ్య గుడ్డ విప్పి, చిలప లాగుదామని చెయ్యి మణికట్టు దాకా దించాడు. చెయ్యి అక్కడే ఉండిపోయింది. మెల్లగా బయటికి తీసి దీపం దగ్గర చూసుకున్నాడు. తెల్లటి పలుకులు వేళ్లకు అంటుకుని ఉన్నాయి. ఒక వేలు నాలుక మీద పెట్టుకున్నాడు.

 కళ్లు మూసుకున్నాడు.

"జమ్ములమ్మా, గిది ఉ..."

"దీపం వెట్టినం బావా. పేరు తియ్యకు."

అప్పుడు నాకు అర్థమైంది. దీపం పెట్టాక ఉప్పును పేరు పెట్టి పిలిస్తే ఇంట్లో లక్ష్మి నిలవదని మా దగ్గర కూడా ఆ పేరు ఎత్తరు. మా వీధిలో బుట్టలది అంటారు.

"బుట్టలది అనొచ్చు కదా" అన్నాడు బాలకిష్టయ్య, గొంతు తగ్గించి.

"మా రాజోలిల తెల్లదే అంటరు. పుట్టినకాడి మాట నోట్లెకెల్లి పోతదా? అయినా నేను బుట్టలది అంటే ఆ తలుపు కాడోడు ఇననీకె నిలవడ్డడు. తెల్లారెవరకు వీధి వీధంత గిన్నెలు పట్టుకొని నా వాకిట్ల ఉంటది."

"ఎప్పుడు సర్దినవ్ గింత?"

"సంత సంతకు జర జర. అందరు నవ్వినప్పుడు."

"మరి గిన్నె పట్టుకొని మా ఇంటికొచ్చి అడిగితివి గదా మొన్న?"

"అడగకుంటే మీకు అనుమానం రాదా?"

ఆయనకు నవ్వు రాబోయి ఆగిపోయింది. బయట దగ్గులు వినిపిస్తున్నాయి. కురుమూర్తి తలుపు తట్టాడు. "పెద్దనాయినా, ఎంతసేపు? నూలు ఎన్ని కట్టలున్నది?"

జమ్ములమ్మ బాలకిష్టయ్యకు అడ్డంగా నిలబడింది. "నా ఇంట్ల నూలున్నదని నువ్వే వాటా ఆపితివి. లేదని నువ్వే చెప్పాలె. ఏమున్నదంటే మాత్రం చెప్పొద్దు."

"అడుగుతరు."

"అడగనియ్యి."

బాలకిష్టయ్య కుండ వైపు చూశాడు. ఆ చూపు జమ్ములమ్మ కూడా చూసింది. ఆకు ఒకటి తెచ్చి, అందులో పిడికెడు పోసి నేల మీద పెట్టింది. ఉప్పు చేతిలో పెడితే పగ పుడుతుందని చేతికి ఇవ్వలేదు. ఆయన అటూ ఇటూ చూసి, వంగి తీసుకుని కండువా కొంగున ముడి వేసుకున్నాడు. ఆమె నా వైపు తిరిగింది. నన్ను పైనుంచి కిందికి చూసి, ఇంకో చిన్న ఆకు నేల మీద పెట్టింది.

"నీ నాలుక భద్రం యాదయ్యా" అంది. ఉప్పు సంగతో, మాట సంగతో నాకు తెలియలేదు.

బాలకిష్టయ్య తలుపు తీశాడు. "నూలు లేదు. పోండ్రి."

"మరి కుండల ఏమున్నది?" అన్నాడు కురుమూర్తి.

"బూడిద."

"బూడిద పాతిపెట్టుకుంటరా ఎవలన్న?"

"ఆమె ఇల్లు, ఆమె బూడిద. రేపు పొద్దుగల వాటా పంపిస్త."

జనం కదిలారు గానీ మాటలు ఆగలేదు. కురుమూర్తి నా వెంటే నడిచాడు. "ముసలోడు నోరు సప్పరించుకుంట వచ్చిండు. చూసినవా?"

"లేదు."

"బూడిద తిన్నడా? ఏమో పెట్టింది ఆమె లోపట. నీకేమిచ్చింది?"

"నాకేమిస్తది?"

"మరి ఆ పిడికిలి ఎందుకు మూసినవ్?"

గడ్డపార ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని ఇంటి దారి పట్టాను. ఇంట్లో నా భార్య ఎంకమ్మ ఆకు విప్పి చూసి, నా మొహంలోకి చూసింది.

"యాడిది?"

"దీపం వెట్టినంక అడగొద్దు."

"దీపం సంగతి కాదు. ఎవతె ఇచ్చింది?"

ఆ పూట చారు రుచిగా ఉంది. ఎంకమ్మ మాత్రం నాతో సరిగా మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున బాలకిష్టయ్య మనిషి నూలు తెచ్చాడు. జమ్ములమ్మ గడప బయటే నిలబెట్టి, చిలపలు ఒక్కొక్కటీ విప్పి చెంపకు ఆనించుకుని చూసింది. తడిపితే నూలు బరువు తూగుతుంది. ఆ మోసం నేతగాళ్లందరికీ తెలుసు.

"పెద్దాయన మీద గూడ నమ్మకం లేదా?" అన్నాడు వచ్చినతను.

"ఆయన మీద ఉన్నది. తూచిన చెయ్యి ఎవలదో?"

నేను మట్టి కలుపుకుని పోయాను, గోడ పూడ్చిపెడదామని. ఆమె అక్కరలేదంది. లోపలికి తొంగి చూస్తే గూడు ఖాళీగా ఉంది. అలుకు పెళ్లలు అట్లాగే కింద పడి ఉన్నాయి.

"యాడ వెట్టినవ్ అక్కా?" అన్నాను, ఊరికే.

చంద్రకళ తలెత్తి తల్లిని చూసింది. జమ్ములమ్మ నా చేతిలోని మట్టి తట్ట తీసుకుని బయట పెట్టింది.

"నిన్నెవరడిగి రమ్మన్నరు?"

"ఎవరూ అనలె."

"ఎవరూ అనకుంటే మంచిది. పో, పడుగు ఎండుతున్నది."

తలుపు పడింది. కాసేపటికి లోపల మగ్గం ఆడడం మొదలైంది. వీధిలో అందరికీ వినిపించింది. కురుమూర్తి తన అరుగు మీంచి లేచి వచ్చి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆయన ఇంటికీ నూలు వచ్చింది. లోపలికి పోయి నేసుకోవచ్చు. కానీ చెవి అక్కడే పెట్టి నిలబడ్డాడు, నేను పడుగు చివరికంటా దువ్వి తిరిగి వచ్చేదాకా.