ప్లేటు నాకు, అట్ట వాడికి: మహేంద్రమంగళం దాకా ఒక రోజు

ఈ ప్రయాణానికి కారణం ఒక పార్సిలు. కుర్రతనంలో నేను పిచ్చిగా విన్న ఒక ఇంగ్లిష్ రాక్ ఆల్బమ్‌కు యాభై ఏళ్ళు నిండాయని కొత్త ముద్రణ వేశారు. బ్యాండు పేరు చెప్పను. తెలిసినవాళ్ళు ఎలాగూ ఊహించి వాదనకు దిగుతారు, తెలియనివాళ్ళకు చెప్పినా ఒరిగేదేమీ లేదు. పెట్టెలో మూడు రికార్డులు, దిండంత లావు పుస్తకం, అప్పటి పోస్టరుకు నకలు, పాట మధ్యలో గాయకుడు దగ్గి, నవ్వి, మళ్ళీ మొదలుపెట్టిన పాత టేపులు ఉన్నాయి. "ఈ పాటలు మనింట్లో క్యాసెట్లో ఉన్నాయి, సీడీలో ఉన్నాయి, పాతికేళ్ళ పండగని ఇంకోసారి కొన్నారు. మళ్ళీ అవే కదా?" అంది మా ఆవిడ. "మొన్న షష్టిపూర్తిలో మీ అన్నయ్య అదే వదిన మెడలో మళ్ళీ తాళి కట్టాడు. మరి నువ్వెందుకు అంత ఏడ్చావు?" అన్నాను, గెలిచాననుకుని. "మా అన్నయ్య వదినను పెట్టెలో పెట్టి బీరువాలో దాచుకోడు" అంది.

అసలు సంగతి ఆవిడకూ చెప్పలేదు. ఆ ఆల్బమ్ పాత ముద్రణ ప్లేటు, అంటే రికార్డు, నా దగ్గర ఉంది, దాన్ని పెట్టే అట్ట లేదు. అట్ట తిమ్మరాయుడి దగ్గర ఉంది. బెంగళూరు హాస్టల్లో వాడూ నేనూ ఒకే గది. వాడిది ధర్మపురి జిల్లా, పాలక్కోడు దగ్గర మహేంద్రమంగళం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఆ ఎల్‌పీ రికార్డును ఫుట్‌పాత్ మీద పాతపుస్తకాల వాడి దగ్గర చెరి సగం వేసుకుని కొన్నాం. చదువు అయిపోయిన రోజు అది ఎవరికి అన్న ప్రశ్న వచ్చింది. "మా ఊర్లో భూములు పంచుకునేటప్పుడు పెద్దోడు వాటాలు పెడతాడు, చిన్నోడు కోరుకుంటాడు. నువ్వు నాకన్నా మూడు నెలలు పెద్ద. నువ్వే పెట్టు" అన్నాడు తిమ్మరాయుడు. ప్లేటు ఒక వాటా పెట్టాను. వెనక పాటల సాహిత్యమంతా అచ్చేసిన అట్ట ఇంకో వాటా. పెట్టినవాడికి ఏది మిగిలినా సమానమే అనిపించేలా పెట్టడం ఆ పద్ధతిలోని న్యాయం. నేను అలా పెట్టలేదు. మదనపల్లెలో మా నాన్నకు ప్లేయరు ఉంది, వాడింట్లో లేదు. వాడు అట్ట తప్ప ఇంకేదీ కోరుకోలేడని తెలిసే పెట్టాను. వాడు రెండిటినీ కాసేపు చూసి అట్ట తీసుకున్నాడు. ఆ తర్వాత ఇంటికి రమ్మని రెండు ఉత్తరాలు రాశాడు. ఏ మొహం పెట్టుకుని జవాబు రాయను? నా ఉద్యోగం బెంగళూరులోనే, వాడి ఊరు నాలుగు గంటల దూరం. అలా దాదాపు నలభై ఏళ్ళు గడిచిపోయాయి.

పార్సిలు రాగానే నాలో ఒక పథకం పుట్టింది. సిగ్గుపడుతూనే రాస్తున్నాను. కొత్త పెట్టె వాడికిచ్చి, పాత అట్ట నేను తెచ్చుకోవాలి. రెండు ప్లేట్లూ పక్కపక్కన వినిపిస్తే పాతదాని గరగర విని కొత్తదే నయమని వాడే అంటాడు. అందుకని సంచిలో కొత్త పెట్టె, న్యూస్‌పేపర్లో చుట్టిన పాత ప్లేటు, సూట్‌కేసులా మూసుకునే చిన్న ప్లేయరు సర్దాను. పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో వాడి నంబరు దొరికి రెండేళ్ళయినా ఆ రోజే మొదటిసారి ఫోన్ చేశాను. వాడు "రా" అన్నాడు. ఎందుకని అడగలేదు.

ఆదివారం ఉదయం ఆరింటికి బయల్దేరితే ఏడున్నరకు హోసూరు చేరాను. బస్టాండు ఎదుట ఇడ్లీ, పొంగలు కలిపి అరవై రూపాయలు, పొంగలు బాగుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. ధర్మపురి వెళ్ళే బస్సుల్లో రాయకోట, పాలక్కోడు మీదుగా వెళ్ళేదే ఎక్కాలి. కృష్ణగిరి మీదుగా వెళ్ళే బస్సు ఎక్కితే, మహేంద్రమంగళానికి దిగాల్సిన మారండహళ్ళి దారిలో తగలదు. టికెట్టు యాభై రూపాయల చుట్టుపక్కల, ప్రయాణం గంటన్నర పైన. ఈ దారిలో రైలు కూడా ఉంది కానీ మారండహళ్ళిలో ఆగేవి కొన్నే, ముందే చూసుకోండి. సంచి పైన పెట్టమని కండక్టరు రెండుసార్లు చెప్పాడు. నేను ఒళ్ళోంచి దించలేదు. రాయకోట కొండ కనిపించి వెనక్కి వెళ్ళాక ఎర్రమట్టి, కర్రలకు పాకించిన టమాటా తోటలు, బంతిపూలు, మామిడి తోపులు వరుసగా వచ్చాయి. ఈ పక్కనున్న రైలుదారిలో సేలం వెళ్తూ ఎన్నిసార్లు స్టేషను బోర్డు మీద మారండహళ్ళి పేరు చదివి పేపర్లోకి తల దించుకున్నానో గుర్తుకొచ్చింది.

మారండహళ్ళిలో దిగేసరికి పదిన్నర. కూరగాయల బుట్టల మధ్యనుంచి నడిచి ఆటో దగ్గరికి వెళ్ళి, నాకొచ్చిన తమిళంలో మహేంద్రమంగళం ఎంతని అడిగాను. "నూట యాభై ఇయ్యండి సార్, ఎవరింటికి?" అని తెలుగులో జవాబిచ్చాడు డ్రైవరు. పేరు చెప్పాను. "బీన్స్ తోట తిమ్మరాయుడింటికా? మాకు మామ అవ్వాల. ఎక్కండి. ఆ సంచిలో ఏముండాది, పటమా?" పాటలు అన్నాను. "ఇంత పెట్టెలోనా? నా ఫోన్లో వేలకొద్దీ ఉండాయి సార్." రోజూ వింటావా అని అడిగాను. "యాడ సార్, ఎక్కించుకునేదానికే టైము చాలదు" అని నవ్వాడు.

తిమ్మరాయుడు వీధిలోనే నిలబడి ఉన్నాడు. జుట్టు తెల్లబడింది, ఒళ్ళు ఎండకు నల్లబడింది. నన్ను చూడగానే సంచి అందుకోబోయాడు. నేను వదల్లేదు, మళ్ళీ సిగ్గేసి వదిలాను. వాడి భార్య సరోజమ్మ చెంబుతో నీళ్ళిస్తూ, "ఇన్ని దినాలకు తోవ తెలిసిందా అన్నా? మీ పేరు ఈ ఇంట్లో వినపడని దినం లేదు" అంది. రాగి సంగటి, బీన్స్ గింజల పులుసు, నెయ్యి వడ్డించింది. వద్దంటున్నా రెండో ముద్ద వేసింది. సాయంత్రం తుంబలహళ్లి డ్యామ్ చూపిస్తానని తిమ్మరాయుడు అన్నాడు. సరే అన్నాను గానీ నా చూపు గోడల మీదే ఉంది. అట్ట ఎక్కడా కనిపించలేదు. పారేశాడేమోనని భయమేసింది.

భోజనమయ్యాక వాడే బీరువా తీశాడు. పట్టుచీరల మడతల మధ్యనుంచి తెల్లపంచెలో చుట్టిన అట్ట బయటికి వచ్చింది. అంచు నలగలేదు, రంగు వెలవలేదు. నా ప్లేటును నేనేనాడూ అలా చూసుకోలేదు. "ప్లేటు లేకుంటే ఏమిరా, వెనక ఉండేది చదువుకుంటా ఉండినాను. రాగం మర్చిపోయినాను గాని మాట పోలేదు. మా పాపకు ఇంగ్లీషు దీంట్లోనే నేర్పించినాను. ఇస్కూలు టీచరమ్మ పిలిపించి, ఇవేం మాటలయ్యా అని అడిగింది" అన్నాడు. మూడో పాట మొదటి నుంచి చివరిదాకా పద్యం అప్పజెప్పినట్టు అప్పజెప్పాడు. ఒక్క మాట తప్పలేదు.

పథకం ప్రకారం ముందు కొత్తది పెట్టాను. డ్రమ్ములు గదిలోనే వాయిస్తున్నంత తేటగా వినిపించాయి. తిమ్మరాయుడు అట్ట ఒళ్ళో పెట్టుకుని, మాటల మీద వేలు జరుపుకుంటూ విన్నాడు. "బాగుండాది. పెట్టెలోంచి తీసిన కొత్తచొక్కా మాదిరి ఉండాది" అన్నాడు. తర్వాత పాతది పెట్టాను. ఆవాలు చిటపటలాడినట్టు చప్పుడు. ఇప్పుడంటాడు కొత్తదే నయమని, అని కాచుకుని కూర్చున్నాను. మూడో పాటలో ఒకచోట ముల్లు ఎగిరి ఒక మాట మింగేస్తుంది. హాస్టల్లో నేను బల్లకు మోకాలు తగిలించినప్పుడు పడిన గీత అది. ఆ చోటు రాకముందే తిమ్మరాయుడు వేలు పైకెత్తాడు. ముల్లు ఎగిరింది. ఇద్దరం ఒకేసారి తల ఎగరేశాం, హాస్టల్లో చేసినట్టే. "ఇది కొత్తదాంట్లో లేదు కదరా" అన్నాడు. వాడి కళ్ళు తడిశాయి. నేను పథకం సంగతి కాసేపు మరిచిపోయాను.

పాట అయిపోయాక వాడే ప్లేటును అంచులతో పట్టుకుని తీసి, అట్టలోకి జాగ్రత్తగా జార్చాడు. నా ముందుకు చాచాడు. "ఇంద, తీసుకుపో. ఇంకమీద రెండూ ఒకచోటే ఉండనీ." నేను వచ్చింది దానికోసమే. అడక్కుండానే దొరికింది. చెయ్యి మాత్రం లేవలేదు. "ఆ రోజు అట్టెందుకు కోరుకున్నావురా? నేను మోసంగా వాటా పెట్టానని నీకు తెలియలేదా?" అని అడిగాను.

"తెలియకేమి? వాటా పెట్టి, ప్లేటు పక్కనే చెయ్యి పెట్టుకోని కూర్చోని ఉండినావు" అన్నాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. "మా నాయినా, పెదనాయనా భూమి పంచుకున్నప్పుడు పెదనాయన వాటాలు పెట్టినాడు. మా నాయిన బావి ఉండే వాటా కోరుకున్నాడు. కోరుకునే హక్కు ఆయనదే, తప్పేమి లేదు. ఆ దినం మొదలుకోని చచ్చిపోయేదాకా పెదనాయన మా ఇంట్లో గుక్కెడు నీళ్ళు తాగలేదు. అది నేను చూసినాను. ప్లేటు నేను తీసుకునుంటే నువ్వు మా ఇంటికి వచ్చేవాడివి కాదు. అందుకే అట్ట తీసుకున్నాను." అట్టను మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని, "అయినా నువ్వు రాలేదు" అన్నాడు.

వాడి గొంతులో కోపం లేదు. ఉంటే తట్టుకునేవాణ్ణి. ఇన్నేళ్ళూ వాణ్ణి తెలివిగా ఓడించాననుకుని, ఆ తెలివికే సిగ్గుపడి మొహం చాటేశాను. వాడు తెలిసి ఓడిపోయింది నేను రావడానికి. ఇక దాచలేకపోయాను. "ఇవ్వాళ కూడా నీ కోసం రాలేదురా. ఈ అట్ట కోసం వచ్చాను. కొత్తది నీకు అంటగట్టి ఇది పట్టుకుపోదామని వచ్చాను" అన్నాను. గిన్నెలు సర్దుతున్న సరోజమ్మ ఆగిపోయింది. తిమ్మరాయుడు నావైపు చూసి, "దీనికోసమైనా వచ్చినావు కదా. లేకుంటే ఇన్నేండ్లు దీన్ని ఎందుకు దాచి పెట్టినాననుకున్నావు?" అన్నాడు. నేను ఏడ్చాను. అరవై దాటినవాణ్ణి, వాళ్ళ కొత్త సోఫాలో కూర్చుని పిల్లాడిలా ఏడ్చాను.

తుంబలహళ్లి డ్యామ్ చూడలేదు, కాబట్టి దాని గురించి ఇక్కడ రాయలేను. సాయంత్రం దాకా పాటలే విన్నాం. అట్టలో ప్లేటును, ప్లేయరును అక్కడే వదిలేశాను. కొత్త పెట్టె ఉంచమంటే వాడు ఒప్పుకోలేదు, దానితోపాటు ఒక సంచి బీన్స్ ఇచ్చి నన్ను బస్సెక్కించాడు. ఐదున్నరకు మారండహళ్ళిలో బస్సు ఎక్కి తొమ్మిదిన్నరకల్లా ఇల్లు చేరాను. ఖాళీ చేత్తో రానని మా ఆవిడకు తెలుసు గానీ, బీన్స్‌తో వస్తానని మాత్రం అనుకోలేదు. జరిగిందంతా చెబితే, ఈసారి తననూ తీసుకెళ్ళమంది.

కొత్త ముద్రణలు కొనుక్కోండి, తప్పేమీ లేదు. మనం వాటికి ఎగబడేది పాటల కోసమే కాదని నాకు ఇప్పుడు అర్థమైంది. ఆ పాటలు విన్నప్పుడు పక్కన కూర్చున్న మనిషి కోసం. ఆ మనిషిని ఏ కంపెనీ కూడా పెట్టెలో పెట్టి పంపలేదు. ఇంట్లో ఉన్న పెద్ద ప్లేయరు మీద నేనూ కొత్తదే వింటున్నాను. మూడో పాటలో ముల్లు మింగేసిన ఆ మాట ఇప్పుడు తేటగా వినిపిస్తుంది, వినిపించినప్పుడల్లా వాడు గుర్తొచ్చి బాధేస్తుంది. చివరగా పనికొచ్చే మాట ఒకటి. మీరెవరైనా ఇలాంటి ప్లేయరు అటువైపు ఊళ్ళలో ఇచ్చి వస్తే, విడిగా ముల్లు కూడా తీసుకెళ్ళండి. నేను అడిగినంతవరకు మారండహళ్ళిలోగానీ, పాలక్కోడులోగానీ దొరకలేదు. రోజూ వింటే కొన్ని నెలలకే అరిగిపోతుంది, తిమ్మరాయుడు రోజూ వింటున్నాడు. ఐదు కలిపి కొంటే ధర తగ్గిస్తానని బెంగళూరు అంగడతను చెప్పాడు. నేను ఒక్కటే కొన్నాను, అది అరిగేసరికి ఇంకొకటి పట్టుకుని మళ్ళీ వెళ్ళాలి.