త్వరలోనే వస్తుందని చెప్పాను

గోదావరిఖని నుంచి కరీంనగర్ వెళ్లే బస్సులో నా పక్కన ఒక అవ్వ కూర్చుంది. నేను ఫోన్‌లో మా ల్యాబ్ స్నేహితురాలితో మాట్లాడుతున్నాను. దెబ్బతిన్న గుండెలో కొత్త కండ పుట్టిందని, అది మిగతా గుండెతో కలిసి కొట్టుకుంటోందని సంబరంగా చెబుతున్నాను. ఫోన్ పెట్టగానే అవ్వ నా వైపు తిరిగింది.

"బిడ్డా, పాడైన గుండె మళ్ల బాగైతదా? మా ఆయన బొగ్గుబాయిల పనిచేసిండు. గుండెపోటు అచ్చినంక సగం గుండె పనిచేస్తలేదన్నరు. నాలుగడుగులేస్తే ఆయాసం."

"బాగవుతుంది అవ్వా. మందు త్వరలోనే వస్తుంది," అన్నాను. మా ప్రయోగం ఎలుకల మీదేనని మాత్రం చెప్పలేదు.

ఆమె వెంటనే భర్తకు ఫోన్ చేసింది. "ఇగో, గుండెకు మందు అస్తున్నదట! కనిపెట్టే పిల్లనే నా పక్కన కూసున్నది. ఫికర్ చెయ్యకు, లేచి బువ్వ తిను."

సిగ్గుతో నాకు తలెత్తబుద్ధి కాలేదు. పెద్దపల్లి దాటాక ఇక ఉండబట్టలేకపోయాను.

"అవ్వా, అది ఎలుకల్లోనే. మనుషులకు ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో కూడా తెలీదు."

ఆమె నా చేయి నిమిరింది. "నీ ముఖం చూస్తేనే తెలిసింది బిడ్డా. మొన్నటిసంది ఆయన ముద్ద ముడుతలేడు. ఏదో ఒకటి చెప్పాలె గదా."

అంతలో ఆమె ఫోన్ మోగింది. "నీతోని మాట్లాడుతడట. అస్తదనే చెప్పు," అంటూ నా చేతిలో పెట్టింది.

"అన్నం తిన్న బిడ్డా," అన్నాడు ముసలాయన, ఆయాసపడుతూ. "నువ్వు గూడ యాళ్లకు తిను. మంచిగ పని చెయ్యి."

"సరే తాతా," అని మాత్రం అనగలిగాను.