ఏడు కొండలకూ గుండు

నా పీహెచ్‌డీ అంతా గాలి మీద నడిచింది. పడమటి గాలి తిరుమల కొండలు దాటి కిందికి దూకేటప్పుడు, రేణిగుంటలో దిగే, ఎగిరే విమానాలను ఎంత కుదుపుతుందో లెక్కలు కట్టి ముందే చెప్పడం నా పని.

వైవా రోజు పొద్దున నా మోడల్ నడిపి చూశాను. మధ్యాహ్నం విమానానికి స్వల్ప కుదుపులే అని చెప్పింది. నన్ను పాస్ చెయ్యాల్సిన ఎగ్జామినర్ హైదరాబాదు నుంచి ఆ విమానంలోనే వస్తున్నారు. మా గైడు ఉప్పొంగిపోయి ఆ సంగతి ఆయనకు మెసేజ్ పెట్టేశారు.

రేణిగుంట విమానాశ్రయం నుంచి ఎగ్జామినర్ చొక్కా నిండా కాఫీతో బయటికొచ్చారు.

"స్వల్పమంటిరే అప్పా?" అన్నారు నాతో. చిత్తూరు మనిషే, భయపడితే సొంత యాస వచ్చేస్తుంది. "పక్క సీటామె గోవిందా గోవిందా అంటా నా చెయ్యి గిచ్చేసింది. సూడు! ఇది నీ మోడల్లో ఉండాదా?"

"లేదు సార్. గాలి వరకే తీసుకున్నాం."

కారులో గైడు నా చెవిలో గొణిగారు. "నా పరువు పాయరా. నేనింక బతికి దండగ."

"విమానం దిగింది కదా సార్," అన్నాను.

వైవాలో ఎగ్జామినర్ అడిగింది ఒకటే. "యాడ తప్పింది?"

తప్పు వాతావరణం మీదికి తొయ్యమని గైడు బల్ల కింద నా కాలు తొక్కారు. నాకేమో అసలు జవాబు తెలుసు. లెక్క తేలిగ్గా తెమలాలని లోయలు, చరియలు, అడవి అన్నీ తీసేసి కొండల్ని నున్నటి దిబ్బగా గీశాం. గాలి సుడి తిరిగేదేమో వాటి దగ్గరే.

"ఏడు కొండలకూ గుండు కొట్టించినాం సార్."

గైడు కళ్లు మూసుకున్నారు. ఎగ్జామినర్ ముఖంలో నవ్వు లేదు. పొట్ట మీది కాఫీ మరక మాత్రం ఎగిరెగిరి పడడం మొదలుపెట్టింది.

"లోయలన్నీ యాడియి ఆడ పెట్టి మళ్లా లెక్క కట్టు," అన్నారు చివరికి. "అప్పుడే సంతకం."

అంటే పాసూ కాలేదు, ఫెయిలూ కాలేదు. గైడు తిరుగు విమానం మాట ఎత్తబోతే, "నువ్వెక్కు పో," అని కసిరి ఎగ్జామినర్ సాయంత్రం రైలుకే బయలుదేరారు. రిజర్వేషన్ దొరక్క జనరల్ పెట్టె తలుపు దగ్గర నిలబడ్డారు. రైలు కదులుతుంటే నావైపు వంగి అన్నారు:

"ఈతూరి వైవాకి నువ్వే హైదరాబాదుకు రా అప్పా. నీ లెక్క చూసుకోని, మధ్యాహ్నం విమానంలోనే రా."

నేనింతవరకూ విమానం ఎక్కలేదు. లోయలు చాలా జాగ్రత్తగా పెడుతున్నాను.