మట్టి లేదని రాశాను

పరదేశం పోయేవాళ్ళ కాగితాలు రాయడం నాకు ఎవరూ నేర్పలేదు. నాలుగో క్లాసుతో బడి మానేసినవాణ్ణి. అట్టలు ఊడిన ఒక డిక్షనరీ, అంగడివాళ్ళు బెల్లం చుట్టిచ్చిన ఇంగ్లీషు పేపర్లు, ఇవే నా గురువులు. అయినా మా ఊరి చుట్టూ ఇనుప గనులు తవ్విన కాలంలో మా చర్చి సంఘం నుంచి యెరూషలేము యాత్రకు ఎవరు బయలుదేరినా ఫారాలు పట్టుకుని నా దగ్గరికే వచ్చేవారు. అంతకుముందు మా వాళ్ళకు పరదేశమంటే బైబిలు చివర్లో ఉండే మ్యాపు. లారీలు కొన్నవాళ్ళూ, పొలాలు గనులకు గుత్తకిచ్చినవాళ్ళూ పెరిగాక గాంధీనగర్ సందుల్లో కూడా చక్రాల పెట్టెలు దొర్లడం మొదలైంది.

నా ఉద్యోగం హొసపేట రోడ్డు పక్కన లారీలు తూచే కాటా దగ్గర. ఇనుప ఖనిజం నింపుకుని రేవుకు పోయే లారీలకు పర్మిట్లు రాసేవాణ్ణి. అక్కడ అది ఓడెక్కి చైనా పోయేది. కొండలకు కొండలే అలా పోయాయి. "నీలో విత్తనాలున్నాయా, వేర్లున్నాయా" అని ఏ అధికారీ వాటిని అడగలేదు. నా చేతిరాత చీటీ ఉంటే చాలు. ఇది తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు మండుతుంది. ఎందుకో చెబుతాను.

మా అక్క మిషన్ హాస్టల్లో వంటమనిషి. ఆమె చేతి సంగటి తిని పెద్దవాళ్ళైన పిల్లలు, ఆమె పని మానుకున్నాక, అందరూ కలిసి ఆమెను యాత్రకు పంపుతామన్నారు. మా అమ్మకు బతికుండగా ఒక్క ఆశ ఉండేది, ప్రభువు బాప్తిస్మం పొందిన యొర్దాను నదిలో ఒకసారి దిగాలని. దేశనూరు వరిమళ్ళలో నాట్లు వేస్తూ, మోకాటి లోతు బురదలో నిలబడి, "ఇదే యొర్దాననుకోండే" అని తోటి కూలీలను నవ్వించేది. ఆ ఆశ తీరకుండానే పోయింది. అమ్మ సమాధి దగ్గరి మట్టి పిడికెడు తీసుకుపోయి ఆ నీళ్ళలో కలపాలని అక్క పట్టు. ఆమె యాత్ర అంతా దానికోసమే.

అమ్మను పెట్టిన సమాధుల తోట ఆ లారీల రోడ్డు వారనే ఉంది. ఈస్టరుకు ముందు మేమందరం పోయి మావాళ్ళ సమాధులకు సున్నం వేసేవాళ్ళం. లారీల దుమ్ముకి వారం తిరక్కముందే తెల్లసున్నం ఇటుకరంగుకు దిగేది. రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారపు ఆదివారం ఆడవాళ్ళు కట్టుకునే తెల్లచీరలకూ అదే గతి. మా సంఘంలో అంచు ఎర్రబడని తెల్లచీర ఒక్కటి చూపించమనండి, ఆ కాలంలో!

సరే, కాగితాలు. పాస్‌పోర్టుకు పుట్టిన తేదీ రుజువు కావాలన్నారు. అక్కకు ఉన్నదల్లా బాప్తిస్మపు రిజిస్టరులో ఒక వరుస. పాస్టరయ్యగారు బీరువా అడుగు నుంచి దాన్ని తీసి, దుమ్ము దులిపి, నకలు రాసిచ్చారు. ఆ తర్వాత వీసాకు ఫోటో. చెవులు కనిపించాలని రూలు.

"కొంగు తీసేసి దిగల్లా? నేనేమన్నా సినిమాలో చేరను పోతాండానా?" అంది అక్క స్టూడియోలో.

"చెవులు కనపడకపోతే వీసా ఇయ్యరక్కా."

"ప్రభువు దేశానికి పోయేదానికి నా చెవులతో వాళ్ళకేం పనప్పా!"

ఫోటో తీసే అతను నవ్వాపుకోలేక కెమెరా దించేశాడు. చివరికి కొంగు రెండు వేళ్ళు వెనక్కి జరిగింది, అంతే. వీసా మాత్రం వచ్చింది.

బయలుదేరడానికి వారం ముందు ట్రావెల్స్ వాళ్ళు ఇంగ్లీషులో ఒక కాగితం పంపారు. ఆ దేశంలోకి తీసుకురాకూడని వస్తువుల పట్టీ అది. మొక్కలు, విత్తనాలు, మాంసం, మట్టి. అవేవీ తమ దగ్గర లేవని ప్రతి యాత్రికుడూ సంతకం చేసి ఇవ్వాలి. మట్టి అనే మాట మీద నా వేలు ఆగింది. దాచకుండా చదివి చెప్పాను.

"పిడికెడేరా," అంది అక్క.

"పిడికెడైనా మట్టి మట్టే గదా. కస్టమ్స్ వాళ్ళు పట్టుకుంటే నిన్నొక్కదాన్నే కాదు, నీతో వచ్చినోళ్ళనంతా నిలబెడతారు."

"దినమూ లారీలు లారీలు పంపిస్తాండావు. దానికి లేని రూలు మనమ్మకొచ్చిందా?"

"దానికి పర్మిట్ ఉండాది."

"అట్లయితే అమ్మకూ ఒకటి రాసియ్యి."

నాకు కోపం వచ్చింది. కాగితం మీద మట్టికి ఎదురుగా 'లేదు' అని నేనే రాసి, ఆమె చేత సంతకం పెట్టించాను.

ప్రయాణం ముందురోజు మధ్యాహ్నం అక్క ఇంటికి పోయి ఆమె పెట్టె నేనే తెరిచి చూశాను. శెనక్కాయల పొడి డబ్బాకూ, మేం గురెళ్ళనే వెర్రినువ్వుల పొడి డబ్బాకూ మధ్య చేతిరుమాల్లో మట్టి మూట. విప్పి, పెరట్లో కరివేపాకు మొక్క మొదట్లో దులిపేశాను. తలెత్తితే అక్క పెరటి గుమ్మంలో నిలబడి ఉంది. నా చేతిలోని రుమాలు తీసుకుని, నాలుగు మడతలు వేసి రవికలో పెట్టుకుంది.

సాయంత్రం ట్రంకులోంచి అమ్మ తెల్లచీర తీసి కట్టుకుని, "అమ్మకు చెప్పొస్తా" అని సమాధుల తోటకు పోయింది. చీకటి పడేవేళకు వచ్చింది. నేల మీదే కూర్చున్నట్టుంది, మోకాళ్ళ నుంచి అంచు దాకా చీర ఎర్రగా అయింది. బట్టలు మార్చుకుని, దాన్ని అట్లాగే మడిచి పెట్టెలో పెట్టింది.

"ఉతకవా అక్కా?"

"ఆడ ఉతుక్కుంటాలే."

తెల్లారి బస్సు కిటికీలోంచి అందరికీ చెయ్యి ఊపింది, నాకు తప్ప.

ఆమె తిరిగి వచ్చేదాకా నాకు అన్నం సయించలేదు. వచ్చిన రోజు గాంధీనగర్‌లో ఆమె ఇంటి నిండా జనం. అక్క మంచం మీద కూర్చుని కథ చెబుతోంది.

"కస్టమ్సోడు పెట్టె తెరిసినాడు. శెనక్కాయల పొడి వాసన చూసినాడు. ఏంది ఇది అంటాడు. నేను చెంచాడు తీసి నోట్లో ఏసుకున్న్యా. వాన్నీ చెయ్యి చాపమంటి. వాడు నవ్వబట్టె! తర్వాత అమ్మ చీర తీసినాడు, రెండు వేళ్ళతో ఇట్లా. మురికి బట్ట అనుకున్న్యాడేమో, మళ్ళా లోపలేసినాడు."

అందరూ పోయాక నేను గడప దగ్గర నిలబడ్డాను. పెట్టెలో పైనే ఉంది చీర. చందమామలా తెల్లగా ఉంది.

"యొర్దాన్లో నడుముదాకా దిగినాన్రా," అంది. "అంచు నీళ్ళకు తగలంగానే ఎర్రగా ఇడిసింది. నా సుట్టూ తిరిగి తిరిగి పోయింది. అమ్మా, పోయిరామ్మా అంటి."

"మట్టి లేదని రాసిన్యా గదక్కా నేను. నాతో అబద్ధం రాయిస్తివి."

"అబద్ధమేంది? మట్టి యాడ తీసుకుపోయిన్యా? మనమ్మ చీర కట్టుకోను తీసుకుపోయిన్యా."

గనులు మూతపడి ఇప్పుడు ఆ లారీలు లేవు. అక్కా లేదు, సమాధుల తోటలో అమ్మ పక్కనే ఉంది. ఇద్దరికీ వేసిన సున్నం ఈస్టరు నుంచి ఈస్టరు దాకా తెల్లగానే ఉంటోంది. ఆ ప్రయాణం తర్వాత కూడా మా సంఘంలో ఎవరు అడిగినా ఫారాలు రాసిచ్చాను, రూళ్ళన్నీ చదివి వినిపించాను. ఎవరి పెట్టెనూ తెరిచి చూడలేదు.