ఎక్కడి పియానో అక్కడిదే

నాకు పియానో నేర్పిన టీచరాంటీ పోయిన వారం మా ఊరు అరోరాలో కన్నుమూశారు. వాళ్ళమ్మాయి ఫోన్ చేసినప్పుడు వేరే ఊళ్ళో కచేరీకి రిహార్సల్ చేసుకుంటున్నాను. ఎదురుగా నేనెన్నడూ చూడని గ్రాండ్ పియానో.

వయొలిన్ వాయించేవాళ్ళు తమ వాద్యాన్ని వెంట తీసుకెళ్తారు. మాకా వీలు లేదు. ఏ హాల్లో ఏది ఉంటే దానిమీదే వాయించాలి. ఒకటి వేలు తగిలితే చాలు పలుకుతుంది, ఇంకొకటి బతిమాలించుకుంటుంది. ఈ సంగతి నాకు ఆంటీయే చెప్పారు. ఆమె గుంటూరు చర్చిలో వాయించడం నేర్చుకున్న మనిషి.

అమ్మా నాన్నా ఈ దేశం వచ్చి రెస్టారెంట్ వంటగదిలో పనిచేసేవాళ్ళు. మా ఇంట్లో బడి మొహం చూసిన మొదటిదాన్ని నేనే. మ్యూజిక్ కాలేజీ ఆడిషన్‌కి ఆంటీయే కార్‌లో తీసుకెళ్ళారు. స్కాలర్‌షిప్‌తో సీటు రాకపోతే నా చదువు అక్కడితో ఆగిపోయేది.

ఆడిషన్ రోజు పొద్దున స్టేజీ మీది పియానోని కాసేపు ట్రై చేయనిచ్చారు. అపార్ట్‌మెంట్‌లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కీబోర్డు మీద గట్టిగా నొక్కడానికి అలవాటుపడ్డ చేతులు నావి. హాలంతా హోరెత్తింది. స్వరాలు ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. ఏడుస్తూ బయటికొచ్చాను.

“ఆంటీ, అది నా మాట వినట్లేదు.”

“నువ్వు దాని మాట విన్నావా? మెల్లగా, వింటూ వాయించు. ఎవరింటికెళ్తే వాళ్ళ గిన్నెల్లోనే వండాలే. కొత్త పొయ్యి మీద మొదటిరోజు అన్నం మాడదూ? మీ అమ్మనడుగు.”

“స్లోగా వాయిస్తే జడ్జీలు మార్కులు తీసేస్తారేమో!”

“వాళ్ళకి స్పీడే కావాలంటే వెళ్ళి హైవే పక్కన నిలబడమను.”

నవ్వొచ్చింది. నా వంతు వచ్చాక చేతులు తేలిక చేశాను. ఒక స్వరం హాలు చివరిదాకా వెళ్ళాకే తర్వాతిది వాయించాను. నేను నేర్చుకున్న పాటే, కానీ ఆ రోజు అది ఆ పియానో పాట. సీటొచ్చింది. ఆ తర్వాత ఎన్ని హాళ్ళు తిరిగినా, ఏ పియానోనీ తిట్టుకోలేదు.

ఆ రోజు ఆడిషన్లన్నీ అయ్యాక, హాలు చూసుకునే ఆవిడని అడిగి ఆంటీని స్టేజీ మీదికి తీసుకెళ్ళాను. అంత పెద్ద పియానోని ఆమె అప్పటిదాకా ముట్టుకోనేలేదట.

“నాకెందుకే, నేను చర్చిదాన్ని,” అంటూనే కూర్చున్నారు.

కోటు విప్పలేదు. చీర కుచ్చిళ్ళు కాస్త పైకి తీసి, స్నో బూటు పెడల్ మీద మెల్లగా ఆనించారు. ఎడమ చివర ఉన్న అన్నిటికంటే కింది స్వరాన్ని ఒక్క వేలితో నొక్కి, చెంప ఆ నల్లటి చెక్కకి ఆనించి, కళ్ళు మూసుకున్నారు.