అహ్లోన్ సందులో వేపమండ

విశాఖలో నా ఉద్యోగమే జ్వరాల వెంట పడటం. ఎక్కడైనా నలుగురికి ఒకే రకం జ్వరం వచ్చిందంటే వెళ్ళి, అది ఐదో ఇంటికి పాకకుండా చూడాలి. ఎప్పుడు వెళ్ళినా ఆలస్యమే, అదే నా కడుపుమంట. మిగతా దేశాలవాళ్ళు ఎలా పట్టుకుంటున్నారో చూద్దామని సెలవు పెట్టి బయల్దేరాను. థాయ్‌లాండ్‌లో ఊరి వలంటీర్లే ఇల్లిల్లూ తిరిగి కబురు పంపుతారు. శ్రీలంకలో ఆసుపత్రి నుంచి సమాచారం అందగానే ఆరోగ్య ఇన్‌స్పెక్టర్ గుమ్మంలో దిగుతాడు. చివరి మజిలీ యాంగోన్, మనవాళ్ళు రంగూన్ అనే ఊరు.

మింగళాడోన్‌లో విమానం దిగేసరికి ఉదయం ఎనిమిదయింది, సన్నగా వాన. ఒంటి వేడి కనిపెట్టే కెమెరా ముందు నుంచి నడిచాను. దాని వెనక కూర్చున్నాయన ఆవలిస్తున్నాడు. ఊళ్ళోకి టాక్సీ కంటే ఎయిర్‌పోర్టు బస్సు చాలా చవక, చిల్లర మాత్రం దగ్గరుండాలి. గంట పైనే పట్టింది. తడిసిన అద్దం అవతల బంగారు గోపురాలు తేలిపోతుంటే నిద్రో మెలకువో తెలియలేదు. పబేడాన్‌లో దిగి, ఇడ్లీ వాసన వచ్చిన కొట్లో దూరాను.

"ఏటమ్మా, ఆంధ్రా నుంచొచ్చినావా? కూకో," అంది వంటావిడ గౌరి. శ్రీకాకుళం యాస! వాళ్ళ తాతలు ఇక్కడి రైసు మిల్లుల్లో పనికి వచ్చారట. నా పని సంగతి చెప్పగానే, "మా అప్ప మనవరాలికి అమ్మోరు పోసినాది. సాయంత్రం వస్తావేటి?" అంది.

సిటీ బస్సులో అహ్లోన్ పేటకి వెళ్ళాం. నది ఒడ్డున పాత రైసు మిల్లులు, వాటి వెనక ఓ సందు. అక్కగారి గుమ్మానికి వేపమండ కట్టి ఉంది. ఆ ఇంట్లో తాలింపు పెట్టరు, బయటివాళ్ళు గడప దాటరు. సందంతా గొంతు తగ్గించి మాట్లాడుతోంది. నదిలో పడవ కూత కూడా కలలోలా వినిపించింది. నేనెంత మురిసిపోయానో! ఏ దేశపు ఆఫీసూ ఇంత త్వరగా ఇంటికి కాపలా పెట్టడం చూడలేదు.

అంతలో అక్కగారు అప్పలనరసమ్మ లోపలి నుంచి చెల్లెలితో అంది: "రేపు చల్ది పెడతన్నాం. మనోళ్ళ పిల్లలందరూ మంచం కాడ కూకొని పెరుగన్నం తినాల. నీ మనవణ్ణి కూడా ఎత్తుకు రా, అమ్మోరు చల్లబడతాది."

ఆ పిల్లకి నాలుగు రోజులు జ్వరం, దగ్గు, ఎర్రటి కళ్ళు, దద్దుర్లు నిన్ననే లేచాయట, అంటే ఇంకా బాగా అంటుకునే రోజులే. గౌరి మనవడికి ఆర్నెల్లు, టీకాకి ఇంకా వయసు రాలేదు. నా మురిపెం కాస్తా ఎగిరిపోయింది. "అమ్మా, అది తట్టు! పసివాడికి సోకితే ప్రాణం మీదికొస్తుంది," అని అరిచేశాను.

పెద్దావిడ మొహం గంటు పెట్టుకుంది. "ఏటే, అమ్మోరికి పేరెడతన్నావా? నీ డాక్టరీ నీ ఊల్లో సూసుకో!"

గౌరి గుమ్మం దగ్గర నుంచి రెండడుగులు వెనక్కి వేసింది. తర్వాత ఫోన్ తీసి, అదే సందు చివర ఉండే కూతురితో అంది: "పిల్లడ్ని బయటికి తియ్యకు. రేపు చల్దికి రావద్దు. క్లినిక్ నర్సుకి ఇప్పుడే కబురెట్టు."

"అమ్మోరి పిలుపు కాదంతావేటే?" అక్క తలుపు రెక్క పట్టుకుని అడిగింది.

"అమ్మోరొస్తే వస్తాది, అప్పా. నానే ఎత్తుకొచ్చి అప్పగించనేను."

తలుపు మూసుకుంది. తిరుగు బస్సులో దారంతా గౌరి ఏడుస్తూనే ఉంది. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

మర్నాడు నర్సు ఆ సందుకి వచ్చింది. మూడు వారాలు దాటాక గౌరి ఫోన్ చేసింది, పసివాడు క్షేమం. అక్క మాత్రం ఇప్పటికీ గౌరితో మాట్లాడటం లేదట. వలంటీరు, ఇన్‌స్పెక్టరు, కెమెరా అన్నీ కావలసినవే, కాదనను. కానీ వాళ్ళకి కబురు అందాలంటే ముందు ఎవరో ఒకరు సొంతవాళ్ళకి ఎదురు చెప్పాలి. అదెంత కష్టమో ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేనెప్పుడూ ఆలోచించలేదు.

యాంగోన్ వెళ్ళేవాళ్ళకి ఒకే మాట: మీకూ మీ పిల్లలకీ తట్టు టీకాలు పూర్తయ్యాయో లేదో నెల ముందే చూసుకోండి. మిమ్మల్ని పిలిచి అన్నం పెట్టే ఇంట్లో టీకా వయసు రాని బిడ్డ ఉండొచ్చు.